పటేలు ముందటి గొంతు

చంద్రవ్వకు రెండు గొంతులున్న సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఇంటి గొంతు వాడకట్టు చివరిదాకా వినిపిస్తుంది. కోడిని అదిలించినా, మనవడిని తిట్టినా, ఆదివారం చర్చిలో పాట ఎత్తుకున్నా అదే గొంతు. పటేలు ఎదురుపడితే మాత్రం అది ఎక్కడ దాక్కుంటుందో, సన్నటి మెత్తటి గొంతు ఇంకొకటి బయటికి వస్తుంది. కొంగు నెత్తిమీదికి చేరుతుంది. "మా చెలక" కాస్తా "మీ చెలక" అయిపోతుంది. సంతలో బేరమాడి కొనుక్కొచ్చుకున్న సొంత ఎద్దులు కూడా "మీ ఎద్దులే పటేలా" అయిపోతాయి.

పద్మారాణి చిన్నప్పుడు ఒకసారి నాయనమ్మను అడిగింది.

"అవ్వా, మన ఎద్దులను పటేలువని ఎందుకన్నవ్? తోల్కపోతే?"

"నోటితోని ఇస్తే కొట్టం ఖాళీ అయితదానే పిచ్చిదానా? పెద్దోళ్ల ముందట నాది నాది అనొద్దు. అంటే వాళ్ల కండ్లల్ల పడ్తం."

అది చంద్రవ్వ ఒక్కదాని అలవాటు కాదు. బండమీదిపల్లెలో పాలుకు చేసే ఇళ్లన్నిటిలో అదే మర్యాద. పాలుకు చేయడమంటే భూమి పటేలుది. విత్తనం, ఎద్దులు, ఒంట్లో సత్తువ వీళ్లవి. పంటను కల్లంలో కుప్ప పోసి చెరిసగం పంచుకుంటారు. కాగితం మాట ఉండదు. ఉగాదికి పటేలు వాకిట్లో పోయి నిలబడితే "చెయ్యి పో" అంటాడు, అదే కౌలు. కుప్ప కొలిచేటప్పుడు మొదటి కుంచం పటేలు వైపు పడాలి, దాన్ని "ఒకటి" అనకుండా "లాభం" అనాలి. రెండోది తమ వైపు పోసుకుంటూ "మీ దయ" అనాలి. ఇవేవీ ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. కల్లం దగ్గర ఆడుకునే పిల్లలకు పొట్టు అంటుకున్నట్టే ఆ మాటలూ అంటుకుంటాయి.

పద్మారాణి పెళ్లి చేసుకుని తాండూరు వచ్చింది. పదో తరగతి పరీక్షల ముందు నాయన పోవడంతో చదువు అక్కడే ఆగింది. భర్త ఏసుదాసు నాపరాళ్ల పాలిషింగు మిషను మీద పని చేస్తాడు. వాళ్ల వీధిలో ఉతికి ఆరేసిన బట్ట ఎండేలోపే రాతిపొడితో తెల్లబడుతుంది. మూత పెట్టిన కుండలో కూడా నీళ్ల మీద సన్నటి తెట్టె కడుతుంది. పెద్దవాళ్లకు అది అలవాటైపోయింది. నాలుగేళ్ల కూతురు శ్రేయకు మాత్రం అలవాటు కాలేదు. గాలి పీలిస్తే పిల్ల ఛాతీలో పిల్లికూతలు. వంట చేస్తున్నా, గిన్నెలు తోముతున్నా పద్మారాణి చెవి ఒకటి ఆ ఛాతీ మీదే ఉండేది. కూత కాస్త పెరిగితే చేతిలో పని చేతిలోనే పడిపోయేది.

"పొడి తగలకుండ చూస్కోవాలమ్మా," అన్నాడు డాక్టరు.

"తాండూర్ల పొడి లేని జాగ యాడుంటది సార్?"

"అయితే ఊరు మార్చుండ్రి."

ఊరు మార్చడమంటే పద్మారాణికి ఒకటే ఊరు, ఒకటే చెలక. రాళ్లచెలక. కొడంగల్ పోయే బస్సు దిగి లోపలికి నడిస్తే వచ్చే బండమీదిపల్లెలో వాళ్ల అన్న యాకోబు పాలుకు చేస్తున్న కంది చెలక అది, వాన మీదే పండే మెట్టభూమి. సగం తను, సగం అన్న చేసుకుందామని మాట అనుకున్నారు. ఏసుదాసు ఒప్పుకున్నాడు. వచ్చే ఉగాదికి అన్నతోపాటు తనూ పటేలు వాకిట్లో నిలబడాలి, ఆయన "చెయ్యి పో" అనాలి, పిల్ల మంచి గాలి పీల్చుకోవాలి. పద్మారాణి ఏ దేవుణ్ణి ఏం అడిగినా ఆ రోజుల్లో అదే అడిగేది.

కంది పూత మీదున్నప్పుడు రుచిత వచ్చింది.

రుచిత బాల్‌రాజ్ పటేలు మనవరాలు. ఏడో తరగతి దాకా ఇద్దరిదీ ఒకే బడి, ఒకే బెంచీ. తర్వాత పటేలు కుటుంబం వికారాబాద్‌కు మకాం మార్చింది, ఉగాదికీ కల్లాలకూ మాత్రం పటేలు ఊరికి వచ్చిపోతాడు. రుచిత హైదరాబాద్‌లో పెద్ద చదువులకు పోయింది. అలాంటి రుచిత అడ్రసు వెతుక్కుంటూ తాండూరులో రేకుల ఇంటికి వచ్చి, కుర్చీ వేయబోతే వద్దని చాప మీద కూర్చుని, వీళ్ల గ్లాసులో నీళ్లు తాగింది.

"ఏం తీస్కుంటరు... తీస్కుంటవ్?" పద్మారాణికి ఏ మాట వాడాలో తోచలేదు.

"ఏందే, నన్ను మీరు అంటున్నవా? బడిల నా జడ పట్టి గుంజినప్పుడు యాదికి రాలేదా గీ మర్యాద?"

ఇద్దరూ నవ్వుకున్నారు. అప్పుడు చెప్పింది రుచిత. ఈ పక్క పాలుకు చేసే కుటుంబాలు ఎక్కడి నుంచి వచ్చాయి, ఎవరి తాత ఎవరు, చెలకలు ఎలా బాగు చేశారు, ఇదంతా పోగేసి రాయడమే తన చదువట.

"పటేండ్ల ముచ్చట అందరు రాసిన్రు పద్మా. మీ ముచ్చట ఎవ్వరు రాయలే. కానీ నేను ఒక్కదాన్నే పోతే ఎవరు నోరిప్పుతరు చెప్పు? నువ్వు పక్కన ఉంటే సాలు."

పద్మారాణి మనసు పొంగింది. తమవాళ్ల గురించి తనకే సరిగ్గా తెలియదు. తాత తండ్రి పేరు బాలప్ప అని తెలుసు, అంతకు పైన చీకటి. అంగన్‌వాడీలో ఎవరైనా "మీది అసలు ఏ ఊరమ్మా?" అని అడిగితే తెల్లమొహం వేసేది. రేపు శ్రేయ అడిగితే చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. అదీ కాక, మధ్యలో ఆపేసిన చదువు తనంతట తానే ఇల్లు వెతుక్కుని వచ్చి చెయ్యి పట్టుకున్నట్టుంది. పిల్లను చంకనేసుకుని ఆ వారమే ఊరికి బయల్దేరింది.

మొదట చంద్రవ్వనే కూర్చోబెట్టారు. రుచిత ఫోనులో రికార్డు నొక్కి ముసలామె ముందు పెట్టింది.

"చెప్పవ్వా, భయపడకు. మన రుచితనే," అంది పద్మారాణి.

"రాళ్లచెలక మీరు ఎప్పట్నుంచి చేస్తున్నరు చంద్రవ్వా?"

చంద్రవ్వ కొంగు నెత్తిమీదికి పోయింది. "మేము చేసుడేందమ్మా, మీ చెలక. మీరు దున్నుమంటే దున్నినం, మీరు పెడితే తిన్నం. మాదేమున్నది, మీ ఇంటి జీతగాళ్లం."

పద్మారాణికి నవ్వాగలేదు. "అట్ల కాదు రుచితా. పటేండ్ల ముందట అవ్వ గిట్లనే అంటది. మర్యాదకు అంటున్నది. మాది జీతం కాదు, పాలు."

రుచిత కూడా నవ్వింది. ఫోను ఆపి ఒక్క క్షణం ఆలోచించింది. "నేను ఎదురుంగ ఉంటే అవ్వ సక్కగ చెప్పదే. ఫోన్ నీ దగ్గర ఉంచుకో. రేపు చెలక కాడ నువ్వే అడుగు. నేను రాను."

మర్నాడు చెలకలో రాతికట్ట మీద చంద్రవ్వ కూర్చుంది. పద్మారాణి ఒళ్లో ఫోను. శ్రేయ కట్ట వెంబడి ఉరుకుతోంది, ఛాతీలో కూత లేదు. ఎదురుగా మనవరాలు తప్ప ఎవరూ లేకపోయేసరికి చంద్రవ్వ నోరు ఏరైపోయింది.

"నువ్వు కూసున్న గీ కట్ట ఎవరు వెట్టిన్రనుకున్నవ్? మా మామ బాలప్ప. సేడం దిక్కు కరువొస్తే కాగ్నా వాగు దాటి వచ్చిండ్రు మొగడు పెండ్లాం. పటేలు తాత అన్నడట, 'గా బండలున్న జాగ పడి ఉన్నది, బతుకుపో' అని. జానెడు మన్ను కింద అంత బండే బిడ్డా. మా అత్త బండ మీద పిడకలు పేర్చి మంట వెడితే, బండ కాగినంక మా మామ నీళ్లు కొట్టేది. పటుక్కున పగిలేది. గడ్డపారతోని లేపి గిట్ల తెచ్చి పేర్చిండ్రు. మా అత్త చేతుల మీద తోలు ఉండకుండె. నేను కాపురానికి వచ్చేసరికి సగం చెలకే తేలింది. తక్కిన సగం నేను, మీ తాత తేల్చినం. మొదటి పంట నుంచి సగం పటేలుకు, సగం మాకు. ఒక్క ఏడు తప్పలే. జీతమని ఒక్క గింజ ఎవ్వరింట్ల తినలే నేను."

కట్ట మొదట్లో నాలుగు రాళ్లు విడిగా పేర్చి ఉన్నాయి. ముసలామె వాటి వైపు చూసింది. "నా పెద్ద కొడుకు గాడున్నడు. మీ నాయన కంటె ముందటోడు. బండలన్ని అయిపోయి గడ్డపారలు పక్కకు వెట్టిన పొద్దే పానం పోయింది. యాడికి మోసుకపోతం? మన చెలకలనే పెట్టుకున్నం."

తనకు ఒక పెదనాయన ఉన్నాడని, ఆ చిన్న రాళ్ల కింద ఉన్నాడని పద్మారాణికి అప్పటిదాకా తెలియదు. మధ్యాహ్నం ఫోను రుచిత చేతిలో పెట్టింది. రుచిత కారులో కూర్చుని చెవిలో పెట్టుకుని మొత్తం విన్నది. దిగేసరికి కళ్లు తడిగా ఉన్నాయి.

"పద్మా, ఇది బంగారమే," అంది.

కందులు కోతకొచ్చేసరికి ఇంకో కబురు వచ్చింది. రుచిత అన్న మహిధర్ రాళ్లచెలకను, పక్క చెలకలను కలిపి ఎండతో కరెంటు తీసే కంపెనీకి అమ్మేస్తున్నాడట. యాకోబు వికారాబాద్ పోయి అడిగితే, "ఈ పంట కోసుకో, అంతే," అన్నాడట మహిధర్. ఊళ్లో చదువుకున్న పిల్లలు యాకోబును కూర్చోబెట్టి చెప్పారు: తరాల నుంచి పాలుకు చేస్తున్నట్టు తేలితే ఊరికే వెళ్లగొట్టడానికి వీల్లేదు, వాళ్లతో తేల్చుకోకుండా కొనేవాడు కూడా ముందుకు రాడు, జీతగాళ్లయితే మాత్రం ఏ హక్కూ లేదు. యాకోబు మండల ఆఫీసులో అర్జీ పెట్టాడు. భూముల లెక్కలు చూసే గిర్దావరు చెలక మీదికే వచ్చి విచారిస్తానన్నాడు.

యాకోబు మొహం వేలాడేసుకుని కూర్చుంటే పద్మారాణి ధైర్యం చెప్పింది. "మనకు కాయితం లేకపోతేంది అన్నా, అవ్వ చెప్పిందంత రుచిత ఫోన్ల ఉన్నది. పటేండ్ల పిల్లనే సాక్ష్యం ఇస్తే ఇంకేం గావాలె?"

"వాళ్ల అన్న మీద అది చెప్తదా?"

"రుచిత అట్లాంటిది కాదు."

అయినా ఒకసారి మాట తీసుకుందామని శ్రేయను ఎత్తుకుని రైలెక్కి వికారాబాద్ పోయింది. పెద్ద ఇల్లు. రుచిత గేటు దాకా ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

"నువ్వు ఫికర్ చెయ్యకు పద్మా. నిజం రాయనీకే కద నేను చదువుతున్నది. నేనున్న కద."

బాల్‌రాజ్ పటేలు సోఫాలో కూర్చుని ఉన్నాడు. ముసలాయన మెత్తబడ్డాడు, చేతులు వణుకుతున్నాయి. శ్రేయను దగ్గరికి పిలిచి, "నీ పేరేందే చిన్నదానా?" అని బిస్కెట్టు పెట్టాడు. "మంచిగున్నవా బిడ్డా?" అని పద్మారాణిని అడిగాడు.

"మీ దయ పటేలా," అంది పద్మారాణి.

అన్నాక తన గొంతు తానే విన్నది. ఎప్పుడూ పటేలుతో మాట్లాడి ఎరగదు, ఎవరూ నేర్పలేదు, అయినా ఎంత సన్నగా ఎంత నున్నగా వచ్చిందో. చేతులు కట్టుకుని నిలబడి ఉంది తను. ఎప్పుడు కట్టుకుందో తెలియదు. సిగ్గుతో ఒళ్లు వేడెక్కింది. రైల్లో తిరిగి వస్తూ రుచిత ఇచ్చిన మాటను మళ్లీ మళ్లీ తలుచుకుని ఆ సిగ్గును కప్పేసుకుంది.

విచారణ రోజు చెలక గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. గిర్దావరు ఒక దాంట్లో, బాల్‌రాజ్ పటేలు ఒక దాంట్లో కూర్చున్నారు. మహిధర్ కారు నుంచి రుచిత కూడా దిగింది. ఆమెను చూడగానే పద్మారాణికి ప్రాణం లేచొచ్చింది. చెయ్యెత్తింది. రుచిత కళ్లజోడు సర్దుకుని ఎటో చూసింది.

వారం నుంచి యాకోబు చంద్రవ్వకు పాఠం చెప్తున్నాడు. "మాది పాలు, జీతం కాదు అనాలె అవ్వా. ఏమంటవ్?" "మాది పాలురా, నీయమ్మ, నాకు తెల్వదా?" అని వాడకట్టంతా వినేలా అంటూనే ఉందామె.

గిర్దావరు ముందు పక్క చెలక బిచ్చయ్యను పిలిచాడు. బిచ్చయ్య పటేలు భూమే ఇంకో దిక్కు పాలుకు చేస్తాడు. "ఎవరు ఎట్ల చేసుకుంటున్నరో నాకేం ఎర్క సార్? నా పని నాది," అని నేల చూస్తూ వెళ్లిపోయాడు.

అప్పుడు మహిధర్ జేబులోంచి ఫోను తీశాడు. "సార్, వాళ్ల పెద్ద మనిషి మాటనే వినుండ్రి. ఎవరు బలవంతం పెట్టలే. ఇంట్ల కూసోని, వాళ్ల మనుమరాలి ముందటనే చెప్పింది."

నొక్కాడు.

*చెప్పవ్వా, భయపడకు. మన రుచితనే.*

పద్మారాణి గొంతే. తర్వాత చంద్రవ్వ గొంతు వచ్చింది, సన్నగా, మెత్తగా. *మేము చేసుడేందమ్మా, మీ చెలక. మీరు దున్నుమంటే దున్నినం, మీరు పెడితే తిన్నం. మాదేమున్నది, మీ ఇంటి జీతగాళ్లం.*

అక్కడ ఆగిపోయింది. ఆ తర్వాత తను నవ్విన నవ్వు లేదు, అట్ల కాదు రుచితా, మర్యాదకు అంటున్నది అన్న మాట లేదు. కత్తెర పెట్టి కోసినట్టు సరిగ్గా అక్కడ ఆగింది.

చుట్టూ నిలబడ్డ వాడకట్టు మనుషులంతా పద్మారాణి వైపే చూశారు. యాకోబు చూపు మాత్రం ఆమె భరించలేకపోయింది.

గిర్దావరు చెడ్డవాడేం కాదు. "ఫోన్ సంగతి పక్కకు పెట్టు. ముసలమ్మ ఇక్కడనే ఉన్నది కద. నువ్వు చెప్పమ్మా. పాలా, జీతమా?"

చంద్రవ్వ లేచింది. నోరు తెరిచింది. అంతలో పటేలు తన కుర్చీలోంచి ఎంతో దయగా అన్నాడు: "చెప్పు చంద్రవ్వా. ఉన్నది ఉన్నట్టు చెప్పు. నేనేమన్న అంటనా?"

తిట్టినా బాగుండేది. కసిరినా ముసలామె మొండికేసేదేమో. ఆ దయ ముందు ఆమె చెయ్యి తనంతట తానే కొంగు వెతుక్కుని నెత్తి మీదికి లాక్కుంది. పెదాలు రెండుసార్లు కదిలాయి. యాకోబు పళ్ల మధ్య నుంచి "పాలు అను అవ్వా" అంటున్నాడు.

"పటేలుకు తెల్వంది నేనేం చెప్త సార్," అంది చంద్రవ్వ. "ఆయన ఎట్లంటే గట్లనే."

ఎవరో కిసుక్కుమన్నారు. పద్మారాణి ముందుకు వచ్చింది. పిల్లను చంకలో గట్టిగా పట్టుకుంది.

"సార్, ఇంకోటి ఉన్నది. మా అవ్వ గీ కట్ట మీద కూసోని మొత్తం చెప్పింది. బండ ఎట్ల పగలగొట్టిన్రు, పాలు ఎట్ల పంచుకున్నరు, అన్ని చెప్పింది. రుచిత దగ్గర ఉన్నది. చెప్పు రుచితా."

రుచిత మొహం ఎర్రబడింది. "పద్మా, అది నా చదువు కోసం తీసుకున్నది. బయటికి ఇయ్యనని సంతకం పెట్టిన. ఇస్తే నా చదువు పోతది."

"మరి గిది ఎట్ల బయటికొచ్చింది?"

"అది నేను నా ఫోన్ల రికార్డు చేసింది," అన్నాడు మహిధర్.

"ఆ రోజు నువ్వు ఊళ్లెనే లేవు కదన్నా."

"నన్ను అన్నా అనకు. మాట్లాడేది సార్‌తోని మాట్లాడు."

"రుచితా, నువ్వు చెప్పు. ఆ మాట మర్యాదకు అన్నదని నేను చెప్పలేదా? నీ ముందట సక్కగ చెప్తలేదని ఫోన్ నువ్వే ఇయ్యలేదా నాకు?"

రుచిత పెదవి కొరుక్కుంది. తాత వైపు చూసింది, అన్న వైపు చూసింది. "నాకు అంత గుర్తు లేదు పద్మా," అంది.

గిర్దావరు పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాడు. లేస్తూ, "ఉన్నదే రాయగలుగుత నేను. లేనిది ఎట్ల రాయాలమ్మా?" అన్నాడు.

అందరూ కదిలాక కారు ఎక్కబోతున్న రుచిత వెనక్కి వచ్చింది. రాతికట్ట పక్కన పద్మారాణి ఒక్కతే నిలబడి ఉంది.

"నువ్వు నన్ను తప్పు పడుతున్నవని తెలుసు. అన్న అడిగితే ఒక ముక్క ఇచ్చిన, దేనికో నాకు చెప్పలే. కానీ మీ అవ్వ చెప్పిన కథ మొత్తం నేను రాసిన పద్మా, ఒక్క మాట పోకుండ. మా సార్లందరు మెచ్చుకున్నరు. మీ కుటుంబం చరిత్ర ఎప్పటికి ఉంటది."

"అయితే అదే చూపిస్త గిర్దావరుకు. మా పేర్లు ఉన్నయ్ కద?"

"పేర్లు ఉండవు. మార్చినం. ఊరు పేరు కూడ. రూలు గది. మిమ్ములను ఎవరు గుర్తు పట్టొద్దని, మీకు ఏ ఇబ్బంది రావద్దని." రుచిత ఎంతో సముదాయింపుగా చెప్పింది. "అవ్వకు సాయవ్వ అని పెట్టిన. మంచి పేరే."

చంద్రవ్వ అని తల్లి పెట్టింది. మార్త అని చర్చిలో పాస్టరు పెట్టాడు. ఇప్పుడు పటేలు మనవరాలు ఇంకోటి పెట్టింది. ఎవరో సాయవ్వ, ఎక్కడిదో పేరు లేని ఊళ్లో, ఎవరివో బండలు పగలగొట్టి చెలక చేసింది. ఆ సాయవ్వను చదువుకున్న వాళ్లంతా మెచ్చుకున్నారు.

పద్మారాణికి ఏడుపు రాలేదు. "మా పెదనాయన గాడున్నడు రుచితా," అంది, నాలుగు రాళ్ల వైపు చూపిస్తూ. "నీకు తెలుసు గది. నువ్వు విన్నవ్. విని ఏడ్చినవ్ కూడ."

కారు హారను కొట్టారు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని ఇంట్లో వదిన సామెత విసిరింది. యాకోబు సామెతల జోలికి పోలేదు. "నీ దోస్తు. నువ్వే కదనే తోల్కొచ్చి ఇంట్ల కూసోబెట్టింది. మనం వాళ్లకు చెప్పకుండ దాచుకున్న ముచ్చట ఒక్కటి లేకుండ చేసినవ్," అన్నాడు. ఆ తర్వాత ఆమెతో మాట్లాడలేదు.

చెలకలో కౌలుదారులెవరూ లేరని మండల ఆఫీసు తేల్చింది. కందులు కోసుకున్న వారానికే కంపెనీ వాళ్లు వచ్చారు. యంత్రం ఒకటి రాతికట్టను ఒక కొస నుంచి నెట్టుకుంటూ పోయింది. నాలుగు రాళ్లు దాంట్లోనే కలిసిపోయాయి. యాకోబు తాండూరు పక్క కూలికి పోతున్నాడు. ఉగాదికి పటేలు వాకిట్లో నిలబడే పని ఇంక ఎవరికీ లేదు.

తాండూరులో శ్రేయకు మళ్లీ కూత ఎక్కువైంది. ఒకరోజు పెదాలు నీలంగా మారితే పద్మారాణి చెప్పుల్లేకుండా ఆసుపత్రికి ఉరికింది. ఆ పూట గడిచాక ఏసుదాసూ ఆమే కూర్చుని ఉన్న దారులన్నీ లెక్కపెట్టుకున్నారు. చేసుకోవడానికి చెలక లేనిదే ఊళ్లో బతుకు లేదు. పని వదిలితే పూట గడవదు. పిల్ల మాత్రం ఆ పొడిలో ఉండడానికి వీల్లేదు. మిగిలింది ఒకటే, పిల్లను అన్న ఇంట్లో వదలడం. యాకోబు వద్దనలేదు. "పిల్ల ఏం చేసింది, ఉండనియ్యి," అని భార్యతో చెప్పించాడు.

శ్రేయ బట్టలు, మందులు, నోట్లో పెట్టుకుని పీల్చే డబ్బా ఒక సంచిలో పెట్టుకుని పద్మారాణి ఊరికి వచ్చింది. మందు ఎప్పుడు ఎలా ఇవ్వాలో వదినకు చెప్పింది, మళ్లీ చెప్పింది, మూడోసారి చెప్పబోతే వదినే "నాకు అర్థమైంది పద్మా," అంది.

చంద్రవ్వ వాకిట్లో గోడ నీడకు కూర్చుని ఉంది. పద్మారాణి పోయి పక్కన కూర్చుంది. ఫోను కావాలనే సంచిలో వదిలేసి, రెండు ఖాళీ చేతులూ ముసలామెకు కనపడేలా ఒళ్లో పెట్టుకుంది.

"అవ్వా, బాలప్ప తాత సేడం దిక్కు ఏ ఊళ్లె ఉండేది? ఆయన అమ్మ నాయన ఎవరు?"

చంద్రవ్వ ఆమె కళ్లలోకే చూసింది. కోపం లేదు. "నాకు యాదికి లేదు బిడ్డా."

"ఆనాడు అన్ని చెప్పినవ్ కదవ్వా."

"ఆనాడు ఉండె. ఇప్పుడు లేదు."

పద్మారాణి లేచింది. పిల్లకు ముద్దు పెట్టి, కొంగు వదలని వేళ్లను ఒక్కొక్కటే విడిపించుకుని సంచి తీసుకుంది. నాలుగడుగులు వేసి పీల్చే డబ్బా సంచిలోనే ఉండిపోయిందని గుర్తొచ్చి వెనక్కి తిరిగింది.

అప్పటికే శ్రేయ ముసలామె ఒళ్లోకి ఎక్కింది. చంద్రవ్వ గొంతు వీధిలోకి వినిపిస్తోంది. "...మా మామ ఊరు కాగ్నా అవుతల, వాళ్ల నాయన పేరు..."

పద్మారాణి నీడ వాకిట్లో పడింది. చంద్రవ్వ ఆగిపోయింది.

"ఏం పద్మా? బస్సుకు టైమ్ అయితలేదా?"

"డబ్బా మర్చిపోయిన అవ్వా."

గూట్లో పెట్టి బయటికి వచ్చింది. ముసలామె ఇంకా మొదలుపెట్టలేదు. పిల్ల ఆమె గడ్డం పట్టుకుని "చెప్పు, వాళ్ల నాయన పేరు ఏంది, చెప్పు" అని గుంజుతోంది. తను వినపడే దూరంలో ఉన్నంతసేపు ఆ నోరు తెరుచుకోదని పద్మారాణికి అర్థమైంది. వాకిలి దాటింది. వాడకట్టు మలుపు దాటింది. బస్సు ఆగే చోటికి పోయి నిలబడింది. అక్కడికి ఎంత పెద్ద గొంతైనా వినపడదు. అక్కడి నుంచి చెలక దిక్కు చూస్తే వరసగా నిలబెట్టిన అద్దాల పలకలు ఎండకు మెరుస్తున్నాయి.

తాండూరు బస్సు వచ్చి ఆగింది. "వస్తవా అమ్మా?" అన్నాడు కండక్టరు.

ఆ ముచ్చట ఇంకా అయిపోయి ఉండదు. ఇప్పుడే వాళ్ల నాయన పేరు చెప్పి ఉంటుంది, అంతకు ముందటి వాళ్ల దగ్గరికి పోతూ ఉంటుంది. పిల్లకు పేర్లు గుర్తుంటాయో లేదో.

"తర్వాతి దాంట్ల వస్త," అంది పద్మారాణి.